మడవని పచ్చీసు గుడ్డ

మా పక్కింటి పెద్దమ్మ మంగళవారం తెల్లవారుజామున జహీరాబాద్‌లోని ఆసుపత్రిలో చనిపోయారు. గుండె ఆగిందన్నారు. ముందురోజు సాయంత్రం ఆమె, నేను జోడీగా పచ్చీసు ఆడాం. ఆ ఆట ముగియలేదు.

విలేకరిగా ఈ ఊరికి బదిలీ అయి వచ్చినప్పుడు నాకిక్కడ ఎవరూ తెలియదు. ఆదివారాలు హైవే మీద లారీల చప్పుడు వింటూ గదిలో కూర్చునేవాణ్ని. ఓరోజు ఆమె గోడ మీదుగా పిలిచారు. "కొడుకా, ఖాళీగున్నవా? జర రా. నాలుగో మనిషి లేడు." భర్త పోయినప్పటి నుంచి ఆ చోటు ఖాళీ అని తర్వాత తెలిసింది. ఎదుటి జోడీ ఆమె కోడలు, కోహీర్ నుంచి వచ్చే పెద్దమ్మ చెల్లెలు.

ఆట గడుల గుడ్డ ఆమె అత్తగారు కుట్టినది. ఆమె కాయలు శొంఠి ముక్కలు, నావి చింతగింజలు. ఆరు గవ్వలూ బోర్లా పడితే ఇరవై ఐదు. ఉర్దూలో పచ్చీస్, ఆట పేరు అక్కణ్నుంచే. ఈ ఆటే ఇంగ్లండ్ వెళ్లి, గవ్వలు వదిలి పాచికతో లూడోగా తిరిగొచ్చిందని ఒకసారి చెప్పాను. కోడలి ఫోన్‌లో లూడో చూసి పెద్దమ్మ పెదవి విరిచారు. "గిదేం ఆట? జోడీ లేదు. ఎవలకు వాళ్లు ఉరుకుడే."

పచ్చీసులో జోడీలోని ఇద్దరి కాయలూ నడిమింటికి చేరితేనే గెలుపు. చేరడాన్ని పండటం అంటారు. అన్నీ పండినవారికి ఇక గవ్వలు వేసే వంతు ఉండదు, జోడీ ఒంటరవుతుంది. అందుకే ముందున్నవారు ఆఖరి కాయను పండించకుండా, వెనకబడ్డ జోడీ కోసం ఆగవచ్చు. ఆమె ప్రతిసారీ ఆగేవారు.

సోమవారం నా కాయలు రెండు వెనకే ఉన్నాయి. "పేపరాయన లోకమంత తిరుగుతడు, గీ గుడ్డ మీద నడవనీకి రాదు," అని చెల్లెలు నవ్వారు.

"నా జోడీనేమనకు. నిమ్మలంగ రా కొడుకా, నేనాగుత," అన్నారు పెద్దమ్మ. కాసేపటికే ఛాతీలో నొప్పన్నారు. ఆటోలో తీసుకెళ్లాం.

ముగియని ఆటను మడవకపోవడం ఆ ఇంటి ఆనవాయితీ. పిల్లి కదపకుండా గుడ్డ మీద గంప బోర్లిస్తారు. అంత్యక్రియలు అయ్యాక కోడలు అడిగింది. "అన్నా, తీసెయ్యాల్నా?"

గంప ఎత్తి చూశాను. నడిమింటి ముందరి గడిలో శొంఠి ముక్క. చాలా వెనక రెండు చింతగింజలు.

"వద్దు చెల్లె. ఆడినంకనే తీద్దాం."

పదోరోజు కర్మ వచ్చే గురువారం. ఆ సాయంత్రం ముగ్గురం ఆటకు కూర్చుంటాం. గవ్వలు పెద్దమ్మ కూర్చునే వైపే పడి ఉన్నాయి. వరుస ప్రకారం వేయాల్సింది ఆమే.