పెద్ద ఫాదర్ గారి ఆదివారం లింకు

నా దగ్గర ఏటా రెండు డైరీలుంటాయి. ఎర్ర అట్టది గుడికి, నీలం అట్టది ఇంటికి. ఎర్రదానిలో ఆ ఆదివారం పూజ ఎన్నింటికి మొదలైంది, ఎవరు చేశారు, ప్రసంగం దేని మీద, ఎంతసేపు అన్నవి రాస్తాను. గ్యాస్ బండ మార్చిన రోజు, కరెంటు పోయిన వేళలు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్‌ల తేదీలు, నా భార్య మోకాలి గురించి డాక్టరు చెప్పిన మాటలు నీలందానిలోకి వెళ్తాయి. ఒకదాని సంగతి ఇంకొకదానిలో రాయను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఇదే పద్ధతి. ఈ పద్ధతి వల్లే నాచారంలో మా గుడికి తాళం పడబోయింది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను.

గుడి అన్నాను గానీ అది రేకుల కప్పు వేసిన హాలు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, గోడకు మరియమాత పటం, ఎండాకాలం గాలి కంటే మోత ఎక్కువ ఇచ్చే రెండు పెద్ద ఫ్యాన్లు. పక్కనున్న ఫ్యాక్టరీల్లో పనిచేసిన కుటుంబాలు ఎప్పుడో చందాలు వేసుకుని కట్టుకున్నాయి. మా విచారణకు, అంటే ఒక గురువు చూసుకునే ప్రాంతానికి, ఉప్పల్‌లో ఉన్నది పెద్ద గుడి. నాచారం, చర్లపల్లి దాని కింద ఉపకేంద్రాలు. పెద్ద ఫాదర్ ఉప్పల్‌లో పూజ చేస్తుంటే చిన్న ఫాదర్ పొద్దున్నే మా దగ్గరికి, తరవాత చర్లపల్లికి వెళ్లేవారు. అలా సాగిపోతూ ఉండేది.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్కాలం మొదలైన వారమే పెద్ద ఫాదర్ పారిష్ కౌన్సిల్‌ను పిలిచారు. చిన్న ఫాదర్‌ను వేరే విచారణకు పంపుతున్నారు, ఆయన బదులు ఇంకెవరూ రారు అన్నారు.

“మేము ఫాదర్ల చదువుకు గురుమఠంలో చేరినప్పుడు భోజనాల దగ్గర చోటు కోసం తోసుకునేవాళ్లం” అన్నారాయన. “మొన్న వెళ్లి చూశాను. ఒక్కో బల్లకు ముగ్గురు పిల్లలు. వంటాయన మాత్రం పాత ఆయనే, గరిటె కూడా పాతదే. పాపం, అడక్కుండానే రెండోసారి వడ్డిస్తున్నాడు.”

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

“ఇళ్లల్లో ఒకరో ఇద్దరో పిల్లలు. గురుమఠానికి ఎవరిస్తారు? రేపు నాకు బదిలీ అయితే నా బదులు ఎవరైనా వస్తారని కూడా చెప్పలేను. ఇప్పట్నుంచే అలవాటు పడదాం.”

కౌన్సిల్ కార్యదర్శి ఒక పరిశోధనాలయంలో పనిచేసి రిటైరైనవాడు. ఉప్పల్‌లో ఉంటాడు. ఏ చుట్టరికమూ లేకుండానే నన్ను బావా అంటాడు. ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

“గింతల ఆలోచించెదేమున్నది ఫాదర్? చర్లపల్లి దూరం గాబట్టి శనివారం సాయంత్రం పెట్టుకుందం. నాచారం బంద్ చేద్దం. బస్సు మాట్లాడి అందర్ని ఉప్పల్‌కు తెద్దం.”

“బస్సెక్కలేని వాళ్లుంటే?” అన్నాను.

“ఎవరున్నరు బావా?”

“మా ఇంట్లోనే ఉంది.”

“అక్కకు నా కారు పంపిస్త తియ్.”

“నీ కారును వారానికి రెండుసార్లు నువ్వే తోస్తున్నావు. ఆవిడ చేత కూడా తోయిస్తావా?”

మళ్లీ నవ్వులు. కానీ నాకు లోపల నవ్వు రాలేదు. నా భార్య రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. నాచారం హాలు మా ఇంటికి అయిదు నిమిషాల నడక. ఆవిడ ఒక్కతే తన కాళ్ల మీద తాను వెళ్లి రాగలిగిన చోటు అదొక్కటే. ఆవిడలాంటి వాళ్లు ఆ హాల్లో ఇంకా ఉన్నారు.

“పదిహేను రోజులు టైమివ్వండి. మూడు చోట్లా పూజ ఉండేట్టు లింకు రాసి తెస్తాను” అన్నాను.

నేను రైల్వేలో రైలు డ్రైవర్లకు లింకులు రాసేవాణ్ని. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఎన్ని గంటలు విశ్రాంతి తీసుకోవాలి అన్నది చెప్పే పట్టీని లింకు అంటారు. డ్రైవర్లు తక్కువై బండ్లు ఎక్కువైన రోజుల్లోనే మాకు అసలైన పని. అలాంటిది ఒక్క ఫాదరు, మూడు గుళ్లు నాకొక లెక్కా అనుకున్నాను.

కౌన్సిల్ ఒప్పుకుంది, షరతుతో. ఈస్టరు నుంచి పెంతెకోస్తు పండుగ దాకా యాభై రోజులు చూస్తారు. ఆలోగా నాచారంలో ఒక్క ఆదివారం గాడి తప్పినా, జనం పలచబడినా, పండుగ తరవాత తాళమే.

ఇంటికొచ్చి గ్రాఫు కాగితం పరిచాను. ఉప్పల్‌కు ఎరుపు గీత, నాచారానికి ఆకుపచ్చ, చర్లపల్లికి నీలం. ఒక గురువు ఆదివారం మూడు పూజలకు మించి చేయకూడదని నియమం. మా డ్రైవర్లకు డ్యూటీ గంటలున్నట్టే. చర్లపల్లిని కార్యదర్శి అన్నట్టే శనివారం సాయంత్రానికి పెట్టాను. ఉప్పల్‌లో రెండు, నాచారంలో ఒకటి, ఈ మూడూ మొదటి లింకులో ఆదివారం పొద్దుటిపూటే సర్దేశాను. నా భార్య కళ్లజోడు పెట్టుకుని వేలితో గీతల వెంట పోయింది.

“తొమ్మిదిన్నరకు ఉప్పల్‌ల పూజ అయితది. పావు తక్కువ పదికి స్కూటర్ మీద ఉంటడు. మరి ఇడ్లీ ఎప్పుడు తింటడయ్యా ఫాదర్? హెల్మెట్ల పెట్టుకుంటడా?”

ఇన్నేళ్లలో ఏ డ్రైవరుకూ టిఫిను మరిచిపోయినవాణ్ని కాను. సిగ్గుపడి కొట్టేశాను. రెండో లింకులో ఉప్పల్ పూజలు రెండూ పొద్దున, ఆపైన ఫాదర్‌కు భోజనం, కునుకు, సాయంత్రం అయిదున్నరకు నాచారం.

“మంచిగనే ఉన్నది” అంది. “కానీ గింత తిప్పలెందుకు? మా ఊళ్ల రెండు నెలలకొకసారి వచ్చెటోడు ఫాదర్, సైకిల్ మీద. మిగిలిన ఆదివారాలు మా నాయినే అందర్ని కూసోబెట్టి చేయించెటోడు. రెండు నెలలకొకసారి వచ్చిండని మేము రెండు నెలలకొకసారే క్రైస్తవులమా?”

మా మామగారు నల్లగొండ వైపు ఒక పల్లెలో ఉపదేశి. ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం ఆయన పని. ఆ సంగతి నాకు తెలుసు.

“ఆ రోజులు వేరు” అని గీతలు దిద్దుకున్నాను.

తపస్కాలంలోనే ఒక ఆదివారం సాయంత్రం ఫాదర్ స్కూటరు వెనక కూర్చుని ట్రయల్ రన్ చేశాను. నా చేతిలో ఉద్యోగంలో ఉన్నప్పటి గడియారం. ఉప్పల్ నుంచి స్టేడియం పక్కగా హబ్సిగూడ, అక్కణ్నుంచి నాచారం. పదిహేడు నిమిషాలు.

“సార్, మీరు వెనక నుంచి ‘రెండు నిమిషాలు లేటు’ అంటుంటే నాకు బండి నడపబుద్ధి కావడం లేదు” అన్నారు ఫాదర్.

ఈస్టరు తరవాత నాలుగు ఆదివారాలు లింకు ప్రకారమే నడిచింది. అయిదు ఇరవైకల్లా స్కూటరు హాలు ముందుండేది. జనం కూడా దాదాపు పొద్దుటి పూజకు వచ్చినంత మంది వస్తున్నారు. ఎర్ర డైరీలో “సకాలం” అని రాసుకుంటూ పోయాను. ఆ మాట రాస్తుంటే పాత ఆఫీసులో కూర్చున్నట్టుండేది.

అయిదో ఆదివారం కార్యదర్శి తనిఖీకి వచ్చాడు. చివరి వరుసలో కూర్చుని, “చూద్దం బావా, నీ బండి ఎట్ల వస్తదో” అన్నాడు. అయిదు ఇరవై అయింది. స్కూటరు లేదు. అయిదున్నర అయింది. లేదు. నా ఫోను మోగింది.

“సార్, కదల్లేకపోతున్నాను” అని అరుస్తున్నారు ఫాదర్. వెనక బూరలు, ఈలలు. “ఎటు చూసినా నారింజ రంగు చొక్కాలే. పోలీసులు రోడ్డు మూసేశారు. నా భుజాన సంచి చూసి నేనూ మ్యాచ్‌కే అనుకుంటున్నారు. టికెట్ చూపించమంటున్నారు!”

మ్యాచ్! ఆ ఆదివారం రాత్రి ఉప్పల్‌లో మ్యాచ్ ఉంది. ఆ సంగతి నాకు తెలియక కాదు. పేపర్లోంచి మ్యాచ్‌ల పట్టీ కత్తిరించి నేనే అంటించాను, నీలం డైరీలో. లింకు రాసింది ఎర్ర డైరీ చూసి.

మైకు దగ్గరికి వెళ్లాను. “ఫాదర్ గారు సుమారు నలభై నిమిషాలు ఆలస్యంగా రావచ్చు. అసౌకర్యానికి చింతిస్తున్నాము” అని నా నోట రైల్వే ప్రకటనే వచ్చింది. హాలంతా గొల్లుమంది.

“ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తడో గది కూడ చెప్పు బావా!” అన్నాడు కార్యదర్శి.

నవ్వు అయిపోగానే కుర్చీలు జరిపే చప్పుడు మొదలైంది. ఒకాయన టీ తాగొస్తానని లేచాడు. ఇద్దరు ఆడవాళ్లు చెప్పులు వెతుక్కుంటున్నారు. టీకి వెళ్లినవాళ్లు తిరిగి రారని నాకు తెలుసు, కార్యదర్శికీ తెలుసు. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. నేను మాత్రం ఆ రోజు నా గడియారం వైపు చూడదలచుకోలేదు.

అప్పుడు మొదటి వరుసలోంచి నా భార్య గొంతు వినిపించింది. లేవలేదు, మైకు అడగలేదు. కూర్చున్నచోటనే జపమాల తీసి, ఆదివారం చెప్పే మహిమ దేవరహస్యాలు మొదలుపెట్టింది. నేను ఇంట్లో ఎప్పుడూ వినని రాగం అది, మా మామగారిది కావాలి. కొంచెం సాగదీసి, చివర మాట గాల్లో వదిలేసే రాగం. ఆ వదిలేసిన మాటను అందుకోకుండా ఉండలేం. చెప్పులు వేసుకుంటున్న వాళ్లు ఒంటికాలి మీద నిలబడే అందుకున్నారు. తరవాత కూర్చున్నారు.

జపమాల అయ్యాక నా వైపు తిరిగింది. “సువిశేషం సదువయ్యా. జర మెల్లగ సదువు, బండేం పోతలేదు.”

బైబిల్లోంచి ఆనాటి భాగం చదివాను. ఇప్పుడేమిటి అన్నట్టు అందరూ ఆవిడ వైపు చూశారు.

“ఇంక చెప్పున్రి” అంది. “ఎవరింట్ల ఎవరికి బాగలేదు? ఎవరు ఫికర్ల ఉన్నరు? మా నాయిన గిట్లనే అడిగెటోడు. పేర్లు చెప్తెనే గద ప్రార్థన చేసెది.”

మా దగ్గర అలా అడిగేవాళ్లు లేరు. పూజ అయిపోగానే బండ్లు తీసి వెళ్లిపోతాం. ముందు ఒకామె, కొడుకు పనిచేసే ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించారని చెప్పింది. ఇంకొకాయన దవాఖానాలో ఉన్న తమ్ముడి సంగతి చెప్పాడు. తరవాత వెనక సందులో ఉండే ముసలావిడ మూడు వారాల నుంచి రావడంలేదని ఎవరో అన్నారు. పూజ సాయంత్రానికి మారాక, తిరిగి వెళ్లేసరికి చీకటి పడుతోందని భయపడి మానేసిందట. ఆ మూడు వారాలూ నా డైరీలో “సకాలం” అనే ఉంది.

ఆరూ నలభైకి తలుపు దగ్గర ఫాదర్ కనిపించారు. స్కూటరు ఎక్కడో వదిలేసి నడిచొచ్చారు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. భుజాన పూజ వస్త్రాల సంచి, చేతిలో ఎవరో ఇచ్చిన నారింజ రంగు కాగితం జెండా. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపి, చివరి వరుసలో కార్యదర్శి పక్కన కూర్చున్నారు. అప్పుడు ఒకామె తన కూతురు పరీక్ష రాస్తోందని చెబుతోంది. ఫాదర్ అది అయిపోయేదాకా ఆగి, చివరి జపం అందరితోపాటు చెప్పి, అప్పుడు లేచి పూజ మొదలుపెట్టారు. ఎవరూ టీకి వెళ్లలేదు.

బయటికొచ్చాక కార్యదర్శి నా భుజం మీద చెయ్యి వేశాడు. “నీ లింకు ఫెయిలయింది బావా.”

“అయింది.”

“తాళం తెచ్చిన జేబుల. సూడు.” నిజంగానే కొత్త తాళం తీసి చూపించాడు. “ఇగ మా ఇంటి గేటుకు వేసుకుంట.”

పెంతెకోస్తు తరవాతి సమావేశంలో ఫాదరే ముందు మాట్లాడారు. నాచారంలో నెలకు రెండు ఆదివారాలు తాను వచ్చి పూజ చేస్తానన్నారు. మిగిలిన ఆదివారాలు ఉప్పల్ నుంచి ఒక సిస్టర్ దివ్యసత్ప్రసాదం, అంటే అక్కడి పూజలో ఆశీర్వదించిన అప్పం, తెచ్చి పంచుతుంది. ప్రార్థన మాత్రం నా భార్య నడిపిస్తుంది. బిషప్ గారి అనుమతి ఆయనే తెస్తానన్నారు. రేపు ఆయన ఉన్నా, ఎవరూ లేకపోయినా హాలు తెరిచి ఉండాలంటే ఇదే దారి అన్నారు. ఎవరూ కాదనలేదు. నేను కూడా.

ఇంటికొచ్చి చెబితే ఆవిడకు ఫాదర్, కార్యదర్శి, నేను ముగ్గురం కలిసి ఏదో అంటగట్టామన్న అనుమానం వచ్చింది. ఒప్పుకోవడానికి రెండు షరతులు పెట్టింది. ఫాదర్ రాని ఆదివారాలు ప్రార్థన పొద్దున్నే ఉండాలి, ముసలివాళ్లకు చీకటి భయం లేకుండా. రెండోది, నేను మైకు ముట్టుకోకూడదు. కొత్త లింకు రాశాను. ఈసారి రెండు డైరీలూ పక్కపక్కన పెట్టుకుని రాశాను.

ఫాదర్ లేని మొదటి ఆదివారం కార్యదర్శి కారు మా హాలు ముందు ఆగింది. ఎవరూ తోయకుండానే వచ్చింది. ముందు సీట్లోంచి వెనక సందు ముసలావిడ దిగింది, రాణిలాగా. ఫాదర్ ఆ వేళకు ఉప్పల్‌లో రెండు పూజల మధ్య కూర్చుని ఇడ్లీ తింటూ ఉండాలి. లింకులో అలాగే రాశాను.

మధ్యాహ్నం ఎర్ర డైరీ తీశాను. ఎవరు చేశారు అన్న గడిలో “మా ఆవిడ” అని రాశాను. ప్రసంగం ఎంతసేపు అన్న గడి ఖాళీగా వదిలి పేజీ తిప్పబోతుంటే ఆవిడ భుజం మీదుగా చూసింది.

“గదెందుకు ఇడిసిపెట్టినవ్?”

“నువ్వు ప్రసంగం చెప్పలేదు కదా.”

“ముప్పావుగంట అందరితోని మాట్లాడిపిచ్చిన. గది ఏంది మరి? రాయి.”

నలభై అయిదు నిమిషాలు అని రాశాను.