జేబులో ఆరంకెల చీటీ

దెయ్యాలూ మహిమలూ అంటే నాకు మొదట్నుంచీ నవ్వే. ఫైల్లో లేనిది లోకంలోనే లేదనుకునే గుమాస్తా బుర్ర నాది. ఇది రాస్తున్నప్పుడు మాత్రం గది తలుపు తీసే ఉంచుకున్నాను.

మాది ఆమదాలవలస. ఉద్యోగం వేరే ఊళ్లో, అంతరిక్ష ప్రయోగాలకు కావలసినవి కొనే ప్రభుత్వ ఆఫీసులో. ఉపగ్రహం ఏ దారిన పోతుందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనాల్సి వచ్చింది. అది తయారుచేసేది ఒకే కంపెనీ. అలాంటప్పుడు టెండరు ఉండదు. ఇది ఇంకెవరైనా చేయగలిగితే చెప్పండని పదిహేను రోజులు ప్రకటన పెడతాం. ఎవరూ రాకపోతే, మరెవరూ చేయలేరన్న ధ్రువపత్రం మీద నేను సంతకం పెడతాను. ఎన్నో ఏళ్లుగా పెడుతున్నాను. ఎవరూ వచ్చింది లేదు.

ఈసారి పద్నాలుగో రోజున ఒక కవరు వచ్చింది. కొత్తవలస దగ్గర ఏదో పల్లె నుంచి. కంపెనీ పేరు లేదు, ధర లేదు. నీలం సిరాతో, 'ఈ లెక్క నేనూ చేయగలను' అని ఒక్క వాక్యం. కింద వరసగా అంకెలు. చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో మా ఇంజనీరుకు చూపించాను. ఆయన మొహం పాలిపోయింది. కంపెనీని పరీక్షించడానికి మేం తయారుచేసిన ప్రశ్నకు అవి జవాబులు. ఒక్క అంకె తేడా లేదు. ఆ ప్రశ్న సీలు వేసి నా బీరువాలోనే ఉంది. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ప్రశ్న బయటికి పొక్కిందని తేలితే నా ఉద్యోగం ఊడుతుంది. ఆయన్ని నోరు మెదపొద్దని బతిమాలి, రెండు రోజులు సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున్నే కొత్తవలసకు రైలెక్కాను. దొంగను పట్టుకోవాలని రైల్లో కొత్త పరీక్ష ఒకటి ఆలోచించాను. లెక్క పాతదే, మొదట వేసే సంఖ్య మాత్రం నాది. ఆరంకెలు. చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

పదకొండు గంటలకు ఆ ఇల్లు చేరాను. ఎండ మండిపోతోంది. వాకిట్లో ఒకావిడ జీడిపిక్కలు ఆరబోస్తోంది. కవరు మీది పేరు ఆవిడ మావగారిదట, రిటైరైన లెక్కల మాస్టారు.

"మావ ఉత్తరం రాయడవేటి బాబూ? పచ్చవాతం వచ్చి మూడేళ్లయిపోనాది. సెయ్యెత్తలేడు, మాటా నేదు."

కాగితం చూపించాను. చాలాసేపు చూసి, లోపలికెళ్లి పాత నోటుపుస్తకం తెచ్చి పక్కన పెట్టింది. అదే చేతిరాత. కవరు సంగతి తాను ఎరగనని చెప్పింది. అబద్ధమాడే మొహం కాదు.

లోపల మాస్టారు మంచం మీద, కప్పుకేసి చూస్తూ ఉన్నారు. ఒళ్లంతా కట్టెలా ఉంది. కుడి చూపుడువేలు ఒక్కటే దుప్పటి మీద మెల్లగా కదులుతోంది. కుర్చీలో కూర్చుని ఆ వేలినే చూశాను. ఊరికే గోకడం కాదది. నాలుగు, సున్నా, ఏడు, ఏడు, ఒకటి, తొమ్మిది.

నా జేబులో చీటీ మీద ఉన్నవి అవే ఆరంకెలు, అదే వరస.

నా పైప్రాణాలు పైనే పోయాయి. వేలు కాసేపు ఆగి, కింద మళ్లీ మొదలుపెట్టింది. అది జవాబై ఉండాలి. ఒకటి, ఎనిమిది దాకా చూసి, లేచి బయటికొచ్చేశాను. చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకున్నాను.

వాకిట్లో ఆవిడ ఎదురొచ్చింది. "ఏటి రాస్తన్నాడు బాబూ? మూడేళ్లుగా అలాగే రాస్తన్నాడు. ఎవుల్నడిగినా సెప్పనేదు."

ఏమీ లేదమ్మా అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

బీరువాలో సీలు చెక్కుచెదరలేదు. ధ్రువపత్రం నా టేబుల్ మీద తొమ్మిది రోజులుంది. మంచంలో ఉన్న మనిషిని ఫైల్లోకి ఎలా ఎక్కించను? 'నాకు తెలిసినంతవరకు మరెవరూ చేయలేరు' అన్న వాక్యం కింద చివరికి సంతకం పెట్టాను. సంతకం పాతవాటితో కలవలేదని మా అధికారి మళ్లీ పెట్టించారు.

ఆ రోజు నేను చూసిందేమిటో నాకు తెలియదు. చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. ఆ సంఖ్య సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఐదు నిమిషాల్లో జవాబొస్తుంది. అది ఒకటి, ఎనిమిదితో మొదలవుతుందో లేదో తేలిపోతుంది. ఇంజనీరు నా పక్క గదిలోనే కూర్చుంటారు. అడిగే ధైర్యం నాకు ఇంతవరకు రాలేదు.