నీళ్ళ మనిషి గ్రసిండా

లిస్బన్‌లో మా పెద్రేరాను మించిన పేట లేదని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఆ మాట చెప్పేవాళ్ళలో సగంమంది ఇప్పుడు పేటలో ఉండటం లేదు, అది వేరే సంగతి. ఇళ్ళన్నీ సెలవులకు వచ్చేవాళ్ళకు రోజు లెక్కన అద్దెకు పోయాయి. పొద్దున లేస్తే సందులో చక్రాల సూట్‌కేసుల గడగడ తప్ప మరో సుప్రభాతం లేదు. కానీ ప్రతి జూన్‌లో, పునీత అంతోనివారి పండగకు ముందురోజు, పేటలన్నీ పోటీపడి ఆటపాటలతో, కర్రలకు కట్టి చేతుల్లో మోసే తోరణాలతో పెద్ద వీధిలో ఊరేగుతాయి. అప్పుడు మాత్రం పెద్రేరా ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి, రైళ్ళెక్కి, పడవలెక్కి తిరిగొస్తుంది.

పడవెక్కి వచ్చేవాళ్ళలో గ్రసిండక్క ఒకరు. పదిహేడేళ్ళప్పుడు మొదటిసారి తోరణం మోసింది. ఆ తర్వాత నలభై నాలుగేళ్ళు మోస్తూనే ఉంది. మిగతా పదకొండు నెలలూ మూలమీద ఇస్త్రీ దుకాణం నడిపేది. దుకాణంలో నుంచి పిలిస్తే మూడు సందుల అవతల ఉన్నవాడు "వస్తున్నా" అనేవాడు, తనను కాకపోయినా సరే. భర్త అమేరికు బతికున్న రోజుల్లో, "మార్చి నుంచి జూన్ దాకా నాకు పెళ్ళి కాలేదు" అని అందరికీ చెప్పుకునేవాడు. ఊరేగింపు సాధన మార్చిలోనే మొదలవుతుంది కనుక, పాపం, అబద్ధమేమీ కాదు.

మూడేళ్ళ కిందట ఆవిడ ఉన్న భవనం ఎవరో కొనేసి, అందరినీ ఖాళీ చేయించారు. గ్రసిండక్కకు నది అవతల ఆరో అంతస్తులో ఇల్లు దొరికింది. లిఫ్టుంది, ఎండ వస్తుంది, గోడలకు చెమ్మ లేదు. ఇన్ని సుఖాలను కూడా మనిషికి శిక్షగా వేయొచ్చని నాకు అప్పుడే తెలిసింది.

"ఊరేగింపులో ఉన్నంతకాలమే నేను పెద్రేరా దాన్నిరా జెఫెరీనూ" అంది ఒకసారి నాతో, పడవ రేవు దగ్గర. "అదీ పోయిందనుకో, ఇక నేనూ సూట్‌కేసు ఈడ్చుకుంటూ వచ్చి ఫోటోలు తీసుకుపోయే బాపతే."

పోయినేడు ఆ రోజు రానే వచ్చింది. ఏటా పదిహేనో స్థానం దగ్గరే ఆగిపోతున్నామని మా పేట క్లబ్బు కమిటీకి పౌరుషం పుట్టింది. తెల్మో అనే డాన్సు మాస్టారిని రెండేళ్ళ ఒప్పందం మీద తెచ్చారు. టీవీలో పనిచేశాడట. ఆయన వస్తూ వస్తూ ఏడుగురు కుర్రకారును వెంటబెట్టుకొచ్చాడు. అందగాళ్ళు, అందగత్తెలు. ఒకటే చిన్న మచ్చ. ఆ ముందేటి దాకా వాళ్ళు మా బద్ధశత్రువు సల్గాదా పేట తరఫున ఆడారు, అదీ పదేళ్ళ వయసు నుంచి.

క్లబ్బు హాల్లో మొదటి సాధన రోజున తెల్మో, గ్రసిండక్కను పక్కకు పిలిచాడు. ప్రెసిడెంటు అబీలియు, సెక్రటరీనైన నేను అక్కడే ఉన్నాం.

"డోనా గ్రసిండా, ఈ ఏడు మీకో ప్రత్యేకమైన బాధ్యత."

"చెప్పు నాయనా. నలభై నాలుగేళ్ళకైనా నా ప్రత్యేకత కనబడిందన్నమాట."

"ఆడేవాళ్ళకు నీళ్ళందించాలి. గొంతెండితే వాళ్ళకు మీరే దిక్కు."

"అంటే ఆడొద్దంటావు."

"అలా ఎందుకనుకుంటారు? వరుసలు కాస్త కుర్రగా కనపడాలి కదా."

"ముందు వరుస అడిగానా నేను? చివర్లో పెట్టు. ఏ స్తంభం చాటునో పెట్టు."

"పెద్ద వీధిలో స్తంభాలుండవు డోనా గ్రసిండా."

ఆవిడ అబీలియు వంక చూసింది. ఆయన పైకప్పును పరీక్షగా చూస్తున్నాడు. నా వంక చూసింది. నేను చేతిలోనే ఉన్న తాళంచెవుల కోసం జేబులు వెతుక్కుంటున్నాను.

నీళ్ళ మనిషికి పోటీ నిబంధనలున్నాయి. తోరణం ముట్టుకోకూడదు, అడుగు కలపకూడదు, నోరు విప్పి పాడకూడదు. చేస్తే మార్కులు కోస్తారు. గ్రసిండక్కను నోరు మూసుకోమనడమంటే సముద్రాన్ని ఉప్పు మానేయమనడమే. అయినా ఒప్పుకుంది. రోజూ సాయంత్రం పడవలో రావడం, గోడవార సీసాలు పట్టుకుని నిలబడటం, పెదాలు కదిలించకుండా పాటంతా లోపలే పాడుకోవడం. ఎనిమిదిన్నర పడవకు తిరిగి పోవడం.

ఊరేగింపు నాటికి మావాళ్ళ బట్టలు మెరిసిపోతున్నాయి. మా పేట పాటలో పల్లవి చివర బ్యాండు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఖాళీలో అందరూ చేతులెత్తి పేట పేరు అరవాలి. సరిగ్గా జడ్జీల ముందుకొచ్చేసరికి ఆ క్షణం వచ్చింది. ముందు వరుసలోని ఏడుగురూ ఛాతీలు విరుచుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని ఒక్కసారిగా అరిచారు.

"సల్గాదా!"

వెనకవాళ్ళు "పెద్రేరా" అనే అన్నారు. కానీ వాళ్ళవి పాత గొంతులు, వీళ్ళవి కొత్తవి. డోలు వాయించేవాడు కర్ర గాల్లోనే ఆపేశాడు. తోరణాలు దేనిదారిన అది ఊగాయి. గ్యాలరీ మెట్ల మీద కూర్చున్న సల్గాదా జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత అభిమానం మా జనం మాకెన్నడూ చూపించలేదు.

గ్రసిండక్క నీళ్ళకూజా రోడ్డు మీద పెట్టింది. నడుం మీద చేతులేసుకుని, ఇస్త్రీ దుకాణం నాటి గొంతుతో, "పెద్రేరా!" అంది. అని ఊరుకోలేదు. పల్లవి మొదటినుంచి ఎత్తుకుంది. బ్యాండు లేదు, తోడు లేదు. రెండో పాదానికి చివరి వరుస అందుకుంది. ఆ తర్వాత డోలు, ఆ తర్వాత అందరూ. ఆ ఏడుగురు కూడా చెంపదెబ్బ తిన్న పిల్లల్లా బుద్ధిగా పాడారు. నాకు ఏడుపొచ్చింది. సెక్రటరీ ఏడవకూడదని నిబంధన ఎక్కడా లేదు కనుక హాయిగా ఏడ్చాను.

ఇరవై పేటల్లో మాది పద్దెనిమిదో స్థానం. మార్కుల కాగితం వచ్చాక విషయం తెలిసింది. పక్కపేట పేరు అరిస్తే మార్కులు కోయాలని నిబంధనల్లో లేదు. అలా అరిచే మహానుభావులు పుడతారని రాసినవాళ్ళు ఊహించలేదు. కాబట్టి దానికి కోత సున్నా. నీళ్ళ మనిషి పాడినందుకు మాత్రం మూడు మార్కులు పోయాయి.

ఇంకేం కావాలి? ఆడలేక మద్దెల ఓడన్నట్టు తెల్మో ఆ మూడు మార్కులనూ పట్టుకుని కూర్చున్నాడు.

"ఆ మూడే ఉంటే మన స్థానం ఎక్కడుండేది?"

"పదిహేడు" అన్నాను.

"అదే నేననేది!"

కమిటీ తీర్మానం చేసింది. పేటలో నివాసం లేనివాళ్ళను ఇకపై ఊరేగింపులోకి తీసుకోరాదు. కళావసరాల రీత్యా ఆ ఏడుగురికి మినహాయింపు. తీర్మానం చదివిన అబీలియు ఇల్లు పేటకు పద్నాలుగు కిలోమీటర్ల దూరం. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. నా చెయ్యి కూడా లేచింది. దాన్ని నేనింకా క్షమించలేదు.

ఉత్తరం రాయడం సెక్రటరీ పని. "మీరు ప్రస్తుతం పెద్రేరా నివాసి కానందున" అని మొదలుపెట్టి, "మీ సేవలకు కృతజ్ఞతలతో" అని ముగించాను. కవరు మీద చిరునామా రాసి, బిళ్ళ అంటించి, డబ్బాలో వేశాను. రెండు రోజులు చేపముక్క సహించలేదు. ఆవిడ ఫోను చేసి తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది. వేసవి పోయింది, చలికాలం పోయింది, ఒక్క మాట లేదు.

ఈ మార్చిలో సాధన మొదలయ్యే రోజున హాలు తెరవడానికి వెళ్ళాను. మెట్టు మీద గ్రసిండక్క కూర్చునుంది, ఒళ్ళో ఆటబూట్ల సంచీతో.

"ఏంట్రా ఇంత ఆలస్యం? అరగంట నుంచి కాళ్ళు పీకుతున్నాయి. తియ్యి తాళం."

"గ్రసిండక్కా, నీకు... ఉత్తరం రాలేదూ?"

"ఏ ఉత్తరం?"

అప్పుడు వెలిగింది. ఈ మూడేళ్ళూ ఆవిడకు ఉత్తరం రాసే అవసరమే రాలేదు, సాధనకు రోజూ వచ్చి కళ్ళముందే ఉంటే రాయడమెందుకు? అందుకని నా చెయ్యి తనకు తెలిసిందే రాసింది: చాకలిమెట్ల సందు, పదకొండో నంబరు, రెండో అంతస్తు, పెద్రేరా. ఆ గదుల్లో వారానికో కొత్త జంట దిగుతోంది. నా కృతజ్ఞతలు ఏ దేశంవాళ్ళు చెత్తబుట్టలో వేశారో!

"ఏం లేదులే. బట్టల కొలతల గురించి."

"నా కొలతలు నీకు తెలీవట్రా! పొట్ట దగ్గర రెండు వేళ్ళు వదులు పెట్టించు" అంటూ లోపలికి నడిచి, నేను దీపాలు వేసేలోగా తోరణం ఎత్తుకుని చివరి వరుసలో నిలబడింది.

తెల్మో వచ్చి ఆవిడను చూసి నన్ను మూలకు లాక్కెళ్ళాడు.

"సెక్రటరీగారూ, ఆవిడకు ఉత్తరం పంపలేదా మీరు?"

"పంపాను" అన్నాను. "ఆవిడ ఇంటికే పంపాను."