పద్దెనిమిది సీతాకోకచిలుకలు

నా చిన్నప్పుడు గద్వాలలోని మా ఇంటి పెరటికి మూడు వైపులా తంగేడు కంచె ఉండేది. వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడే భాద్రపదంలో ఆ కంచె నిండా పసుపు పూలు విచ్చుకునేవి. వాటితోపాటే లేత నిమ్మపండు రంగు సీతాకోకచిలుకలు వచ్చేవి. పొద్దెక్కేసరికి పెరడంతా అవే కదులుతుండేవి. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ సంవత్సరం కూడా అవి ఎప్పటిలాగే వచ్చాయి. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

ఆ శ్రావణం చివర మా వీధికి గత్తర, అంటే కలరా, వచ్చింది. నాలుగేళ్ల మా తమ్ముడికి పొద్దున వాంతులు మొదలయ్యాయి. దీపాలు పెట్టే వేళకు వాడు లేడు. అప్పటికి మా చెల్లెలు మూడు నెలల పిల్ల.

పదకొండో రోజు అమ్మ పెరట్లో కూర్చుని ఉండగా ఒక సీతాకోకచిలుక ఎగిరి వచ్చి ఆమె మోకాలి మీద వాలింది. మా నాయనమ్మ పక్కనే ఉంది. ఊరికే ఓదార్పు మాటలు చెప్పే మనిషి కాదు ఆమె. ఆ రోజు మాత్రం కోడలి ముఖం చూడలేకపోయింది. "ఏడ్వకు బిడ్డా. సూడు, నీ కొడుకే వచ్చిండు" అంది.

అమ్మ ఆ మాటను పట్టుకుంది. మరునాటి నుంచి పొద్దు పొడిచింది మొదలు మధ్యాహ్నం దాటేదాకా కంచె దగ్గర కూర్చునేది. కదిలితే అది బెదిరిపోతుందని కాళ్లు కూడా ముడిచేది కాదు. మాది నేత ఇల్లు. మేము నేసే చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒళ్లు నూలు పోగును అంచు పట్టు పోగుతో వరుస వరుసకూ మెలివేసి కలపాలి కనుక మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. నాయన పక్కన అమ్మ చోటు ఖాళీ అయింది. సగం నేసిన చీర అలాగే ఆగిపోయింది. చీర ఆగినందుకు ఒక పూట తిని సర్దుకున్నాం. చెల్లెలికి ఆ వీలు లేదు. మొదటి వారం అది గుక్కపట్టి ఏడ్చేది. రెండో వారానికి గొంతు సన్నబడింది. మూడో వారంలో ఏడవడమే తగ్గిపోయి, నెత్తిమీద మాడు గుంటపడింది. మేకపాలు పోస్తే కక్కేసేది. ఎత్తుకుని అమ్మ దగ్గరికి తీసుకెళ్తే "జర ఆగు, ఇప్పుడే వాలిండు" అనేది.

బతుకమ్మకు తంగేడు పూలు కోసుకోవడానికి వీధిలోని ఆడవాళ్లు ఏటా మా కంచెకే వచ్చేవారు. ఆ ఏడు అమ్మ వాళ్లను కంచె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

"పూలకు గూడ కావలి కూసున్నవా వదినా? ఇంట్ల పిల్లనెవరు సూస్తరు?" అని పక్కింటి అత్త కంచె అవతలి నుంచి అడిగింది.

"నా కొడుకు తింటుండు. దూరం జరుగు" అంది అమ్మ.

గుమ్మంలో నిలబడి ఆ మాట విన్న నాయనమ్మ లోపలికి వెళ్లి చెల్లెలి మాడు తడిమి చూసింది.

మరునాడు తెల్లవారుతుండగా ఆమె నన్ను లేపింది. మంచుకు తడిసిన సీతాకోకచిలుకలు ఆ వేళ ఆకుల అడుగున వేలాడుతుంటాయి. ఒంటికి ఎండ తగిలేదాకా ఎగరలేవు. పట్టుకు అద్దగా మిగిలిన ఎర్రరంగు చిప్ప ఆమె చేతిలో ఉంది. ముందు పెట్టిన చుక్క రెక్కమీది పొడిపై నిలవక జారిపోయింది. నాయనమ్మ కాస్త ఆలోచించి, పడుగుకు పెట్టే గంజి కొద్దిగా కలిపింది. అప్పుడు పట్టింది. నలిపిన దారపు కొసతో ఒక్కోదాని రెక్క చివర ఆవగింజంత చుక్క పెట్టాం. మొదటి రోజు ఏడు సీతాకోకచిలుకలకు పెట్టాం. రెండో రోజు చుక్క లేనివాటిని వెతికి మరో ఆరు, మూడో రోజు ఇంకో ఐదు.

"ఎందుకవ్వా?" అని అడిగాను.

"ఏవి మళ్లొస్తయో సూద్దాం. నువ్వు కండ్లతోని సూసిందే చెప్పు. ఎక్కువ చెప్పకు, తక్కువ చెప్పకు."

నాలుగో రోజు మధ్యాహ్నం దాకా నేను కంచె వదలలేదు. వచ్చిన ప్రతిదాని రెక్కలూ చూశాను. వానలు వెళ్లాక ఈ జాతి గుంపులుగా ఊళ్లు దాటి పోతుందని పెద్దయ్యాక తెలుసుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది లెక్క మాత్రమే.

నాయనమ్మ చెల్లెలిని ఎత్తుకుని వచ్చి అమ్మ ఎదుట కూర్చుంది. నన్ను చెప్పమంది.

"పద్దెనిమిదింటికి చుక్కలు పెట్టినమమ్మా. ఒక్కటే మళ్లొచ్చింది. తక్కినయన్నీ కొత్తయి."

"ఒకటొచ్చింది గద" అంది అమ్మ. "అదే వాడు."

ఒక్కటీ రాలేదని చెప్పి ఉంటే బాగుండేదని అప్పుడనిపించింది. నాయనమ్మ మాత్రం నన్ను ఏమీ అనలేదు.

"మరి ఇన్నొద్దులు దేన్ని సూసి కొడుకా అంటివి? దినానికొకటి వచ్చిపోయింది. నీకు కొడుకు ఒక్కడే గద బిడ్డా. వాడు గత్తరకు పోయిండు. ఇవి పురుగులు. నేను నీకు అబద్ధం చెప్పిన. నీ ఏడుపు సూడలేక చెప్పిన."

అమ్మ గొంతు పెంచకుండానే అంది: "నా కొడుకును రెండోసారి చంపితివి గద అత్తా."

"అట్లనే అనుకో. పిల్లకు పాలియ్యి."

అమ్మ చెల్లెలిని అందుకుంది. పాలు రాలేదు. తొమ్మిది రోజులు పక్కింటి అత్త తన కొడుకుతోపాటు దానికీ పాలిచ్చింది. ఆమె ఇచ్చిన ప్రతిసారీ అమ్మ తన రొమ్ము కూడా అందించేది. పదో రోజుకు పాలు పడ్డాయి. చెల్లెలు బతికింది. మూడో ఏడు దాటాక గాని నడవలేదు, కాళ్లు ఎప్పటికీ సన్నగానే ఉండిపోయాయి. దీపావళికి ముందే అమ్మ మగ్గం మీద తన చోట కూర్చుంది.

కానీ ఆ రోజు తర్వాత అమ్మ మా నాయనమ్మను మళ్లీ "అత్తా" అని పిలవలేదు. నాయనమ్మ ఇంకా ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లూ ఒకే ఇంట్లో, పక్క పక్క గదుల్లో ఉంటూ, అమ్మ చెప్పవలసింది నా చేత చెప్పించేది: "మీ అవ్వను తినమను." నాయనమ్మ లేచి వచ్చి తినేది. ఒకసారి నేను ఉండబట్టలేక, "ఆ దినం ఆ మాట నాయనతోని చెప్పిస్తే అయిపోతుండె గదవ్వా. అమ్మకు నీ మీద ఈ కోపం ఉండకపోతుండె" అన్నాను.

"అబద్ధం చెప్పింది నా నోరు" అంది ఆమె, కండెకు దారం చుడుతూనే. "దాన్ని తిప్పనీకి ఇంకొకరి నోరు అడుగుతనా?"

తరువాత చదువుకుని, ఒక పెద్ద దవాఖానలో రక్తం పరీక్షించే గదిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. తలుపు బయట నిలబడినవాళ్లు నన్ను చూడగానే "ఏం లేదు గద?" అని అడిగేవారు. ఏమీ లేదన్న మాట వినాలని వాళ్ల కళ్లు ఎంత వేడుకునేవో నాకు తెలుసు. ఫలితం తేలకముందు ఆ మాట ఎవరికీ ఇవ్వలేదు. తేలింది చెడ్డదైతే కాగితం మరొకరి చేత పంపలేదు. నేనే బయటికి వెళ్లి చెప్పి, వాళ్లు నన్ను అనదలచినవన్నీ అనేదాకా అక్కడే నిలబడేదాన్ని.