నూకరాజు మొలతాడు

1988లో నన్ను విశాఖలోని ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ వార్డుకి స్టాఫ్ నర్సుగా వేశారు. కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళ పొట్టలోకి మందునీళ్ళు ఎక్కించి, కాసేపు ఉంచి, మలినాలతో సహా బయటికి తీసేవాళ్ళం. అందుకోసం బొడ్డు పక్కన మెత్తని సిలికాన్ గొట్టం అమర్చేవారు. రోగి ఇంటికెళ్ళినా, మూత బిగించిన ఆ గొట్టం జానెడు బయట వేలాడుతూనే ఉంటుంది.

ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే నూకరాజు ఒక ఉదయం లుంగీ తడుపుకుని వచ్చాడు. గొట్టానికి చిల్లు. నేర్పినట్టే దాన్ని మడిచి గట్టిగా పట్టుకొచ్చాడు, మెచ్చుకున్నాను. ఇది రెండోసారి కాబట్టి తిట్టాను కూడా.

చిల్లు పడితే పద్ధతి ఒకటే. చిల్లుకీ ఒంటికీ మధ్య క్లాంపు వెయ్యాలి. అయొడిన్ మందుతో శుభ్రం చేసి, పాడైన ముక్క కోసేసి, మిగిలినదానికి కొత్త మూత బిగించాలి. లోపలికి క్రిములు పోయి ఉండొచ్చు గనక యాంటీబయాటిక్ ఇవ్వాలి. అన్నీ చేశాం. కానీ రెండుసార్లు కోసేసరికి బయట నాలుగు వేళ్ళ గొట్టమే మిగిలింది. ఇంకోసారి చిల్లు పడితే ఆపరేషన్ చేసి కొత్తది వెయ్యాలి. అది మద్రాసు నుంచి రావాలి. అది వచ్చేదాకా నూకరాజు ఉంటాడో లేదో చెప్పలేం. నాకు భయమేసింది.

ఈసారి వెతికితే దొంగ దొరికాడు. గొట్టం ఊగకుండా నూకరాజు దాన్ని మొలతాట్లో దోపుకుంటున్నాడు. ఆ తాడుకున్న రాగి తాయెత్తు అంచు రాత్రీ పగలూ గొట్టాన్ని కోస్తోంది.

మొలతాడు తీసెయ్యమన్నారు మా కుర్ర డాక్టరు గారు. ఆయనది ఎలమంచిలి దగ్గర రైతు కుటుంబం, కొత్తగా పెళ్ళయింది. అతని భార్య పైడమ్మ మంచానికి అడ్డంగా నిలబడింది. ఆ వైపు పెళ్ళాం పోయినప్పుడే మొగుడి మొలతాడు తెంపుతారు.

"ఏటి బాబూ, నాను సచ్చిపోనానేటి, తెంపీమంతన్నారు? ముందు తవరిది తీసి ఆ బల్ల మీద ఎట్టండి. ఆనక మా మావ తీత్తాడు."

డాక్టరు గారి చెయ్యి తన నడుం మీదికి పోయింది. ఆ తర్వాత ఆయన కేసుషీటు చాలా శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. అందులో రాసిందంతా ఆయనే.

మరి పాతది చివికిపోతే ఏం చేస్తారని పైడమ్మని అడిగాను.

"కొత్తది కట్టినాకే పాతది తెంపుతాం గదేటి, సిస్టరమ్మా" అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

మెత్తని నూలుతాడు తెప్పించి, గొట్టానికి బాగా కిందుగా ఆవిడ చేతే కట్టించాను. పాతది తెంపాం. తాయెత్తు చేతి దండకెక్కింది. గొట్టాన్ని పైకి తిప్పి ప్లాస్టరుతో అంటించాం. ఆ నాలుగు వేళ్ళూ మరి తగ్గలేదు.

చిల్లు పడిన గొట్టాన్ని బాగుచెయ్యడం నాకు శిక్షణలో నేర్పారు. ఎందుకు పడిందో మొదటిసారే వెతకాలని నూకరాజు దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా, గొట్టం వేసిన ప్రతి మగ రోగినీ ఇంటికి పంపేముందు మొలతాడు చూపించమనేదాన్ని. తియ్యమని మాత్రం ఎవరినీ అనలేదు.