అమ్మ మానిన మిఠాయి

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు.

అరవై ఎనిమిదేళ్ల అమ్మకు నడుం కొలత, బీపీ, చక్కెర, రక్తంలో కొవ్వు నాలుగూ కలిసి పెరిగాయి. దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారనీ, రోజూ నడవాలనీ, తీపి మానాలనీ డాక్టరు చెప్పాడు. మూడు నెలల్లో చక్కెర దిగకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నాడు. ముగ్గురు పిల్లల్ని కిక్కురుమనకుండా కన్న మనిషి, సూది మాటకే కుర్చీలోంచి లేచిపోయింది.

నడకకు మాత్రం ససేమిరా అంది. "పనీపాటా లేకుండా రోడ్డంట తిరగడమేట్రా? సూసినోళ్లు ఏటనుకుంటారు?"

అప్పుడే పక్క క్వార్టర్లో సీమంతం పెట్టుకున్నారు. ఆ ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు. ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచే పని అమ్మ నెత్తినేసుకుంది. కుంకుమ భరిణె పట్టుకుని, ఈ బెంగాలీ ఊళ్లో మా రైల్వే కాలనీ అయిన న్యూ సెటిల్‌మెంట్ అంతా హుషారుగా చుట్టేసింది. నాకు దారి దొరికింది. ఎవరింట వ్రతమున్నా, గృహప్రవేశమున్నా పిలుపుల పని అమ్మకే ఇప్పించాను. గోల్‌బజార్ దాటి సుభాష్‌పల్లి దాకా నడిచేది. ఒకసారి ఆ ఊపులో గుమ్మం ముందు పడుకున్న ఆవుకూ బొట్టు పెట్టి, "సుక్రారం తప్పకుండా రావాల" అంది. ఆవు వచ్చింది కూడా.

చిక్కల్లా, ప్రతి గుమ్మంలోనూ ఓ లడ్డూ. వద్దంటే వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. సుభాష్‌పల్లి బెంగాలీ దీదీ అయితే, "మాషీమా, ఏక్‌టా మిష్టి!" అంటూ, ఒక్క మిఠాయైనా తినమని రసగుల్లా గిన్నెతో వెంటపడేది. అందుకని, అమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుందనీ, మూడు నెలలు తీపి ముట్టదనీ ఊరంతా పుకారు లేపాను.

మూడో రోజు అమ్మ మండిపడుతూ ఇంటికొచ్చింది.

"ఓరి ఎదవా! నానెప్పుడు మొక్కినానురా? అందరూ మజ్జిగే ఇత్తన్నారు!"

"ఇప్పుడు తీపి తింటే అప్పన్నకి కోపమొత్తాదమ్మా."

"మొక్కిందే నాను కానప్పుడు ఆయనకేటి కోపం?" అంది గానీ, మళ్లీ ఎక్కడా తీపి ముట్టలేదు.

మూడు నెలల తర్వాత రిపోర్టు చూసి డాక్టరు సూది అక్కర్లేదన్నాడు. మాత్రలు మానొద్దు, నడక ఆపొద్దు అన్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుని, "ఇంకెవరింట్లో పేరంటముందిరా?" అంది.

ఇక ఒప్పుకోవాలి. కల్పించింది ఒక్కటే: ఆ పుకారు నాదనడం. అది మొదలైన రోజు నేనూ అమ్మకు తోడు వెళ్లాను. దీదీ గుమ్మంలో నిలబడి, రసగుల్లా వంక ఆశగా చూస్తూనే మొక్కు మాట పుట్టించింది అమ్మే. నన్ను తిట్టిందీ లేదు. "కోతలు నువ్వొక్కడివే కోత్తావనుకున్నావేట్రా?" అని ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే నడిచింది.