మా బావ బాగుందన్న హోటలు

మా అక్క ఫానియా భర్త తనాస్, మా ఊరు రెసెన్‌లోని పోస్టాఫీసులో పొదుపు ఖాతాల కిటికీ వెనక కూర్చుని, అక్కడే రిటైరయ్యాడు. ఊళ్ళో ఎవరు ఎంత దాచుకున్నారో ఆయనకు తెలుసు. ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేవాడు కాదు గానీ, డబ్బు తీసుకోవడానికి వచ్చిన ప్రతి ఒక్కరినీ "దేనికి?" అని అడిగేవాడు. ఆ అడగడం ఆయన ఉద్యోగంలో భాగం కాదు. జవాబు విన్నాక కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "నీ ఇష్టం" అనేవాడు. ఆ మాట పడలేక కొందరు బస్సెక్కి బిటోలా వెళ్ళి, అక్కడి పోస్టాఫీసులో తీసుకునేవాళ్ళు.

తను మాత్రం ఏమీ కొనలేదు. పెళ్ళికి కుట్టించుకున్న కోటుతోనే రిటైర్మెంటు సన్మానానికి వెళ్ళాడు. బొత్తాలు పట్టకపోతే విప్పి వదిలేసి, అదే ఫ్యాషనన్నాడు. ఇంట్లో ఉన్న టీవీ మా అక్క పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాని బొమ్మలో మనుషులందరూ ఆకుపచ్చగా ఉండేవాళ్ళు. "వార్తలు రంగుని బట్టి మారవు" అనేవాడు మా బావ.

మా ప్రెస్పా సరస్సు వైపు ఆపిల్‌కి ధర పలికిన ఏడాది జనానికి పూనకం వస్తుంది. పెట్టెలు లారీలకెక్కడం ఆలస్యం, డబ్బు జేబులో దురదపెట్టడం మొదలవుతుంది. మా బావకి అది పండగ కాలం. కాఫీ హోటల్లో గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరు ఏం కొనబోతున్నారో విని, అందరికీ వద్దని చెప్పేవాడు. ఒక్కరూ వినేవాళ్ళు కాదు. వినకపోవడమే ఆయనకు కావలసిందేమోనని నాకు ఎప్పటి నుంచో అనుమానం.

స్పాసె సంగతే తీసుకోండి. మా బావకి బడి నాటి స్నేహితుడు, మా అందరికంటే పెద్ద తోట ఉన్నవాడు. ఒక మంచి ఏడాది జర్మనీ నుంచి వచ్చిన పాత కారు ఒకటి బేరమాడాడు. కారంటే మామూలు కారు కాదు, రెండు కార్లు కలిపి ఒక కారు చేసినంత ఉంటుంది. స్పాసె ఇల్లేమో పాత పేటలో, గాడిదల కాలంలో వేసిన సందులో.

"ఒరేయ్ స్పాసె, అది మీ గేట్లో పట్టదురా" అన్నాడు మా బావ.

"పడుతుందిలే. పక్క అద్దాలు మడిచేస్తే సరిపోతుంది."

"అద్దాలు మడుస్తావు సరే, తలుపులు కూడా మడుస్తావా?"

"నీకు కారు లేదు కాబట్టి నీకు తెలీదు. కారు ఎప్పుడూ చూసినదానికంటే సన్నంగా ఉంటుంది."

కారు వచ్చింది, గేట్లో పట్టలేదు. స్పాసె గేటు తీయించాడు, అప్పటికీ పట్టలేదు. గోడ కూల్చాడు. కారు లోపలికి వెళ్ళింది గానీ, తిరగడానికి వాళ్ళమ్మ మిరపకాయలు కాల్చుకునే పొయ్యి అడ్డమొచ్చింది. అదీ పోయింది. ముసలావిడ ఆ శరదృతువంతా పక్కింట్లో మిరపకాయలు కాల్చుకుంటూ కొడుకుని తిట్టింది. తర్వాత కొత్త గోడ, దానికి ఇనుప గేటు, గేటు మీద రెండు సింహాలు. ఈ పనులన్నీ జరిగినన్నాళ్ళూ మా బావ ఎదురింటి అరుగు మీద కుర్చీ వేయించుకుని చూశాడు. మేస్త్రీలకి సలహాలు కూడా ఇచ్చాడు.

అన్నీ అయ్యాక, కొండ అవతల టూరిస్టులొచ్చే ఓహ్రిద్‌లో ఒక పెళ్ళికి అందరం ఆ కార్లోనే వెళ్ళాం. ముందు సీట్లో ఎవరు? మా బావ. కొండ మలుపు కూడా తిరగకముందే, "సీటు వెచ్చబడే మీట ఉంటుందటగా, ఎక్కడరా?" అని అడిగాడు.

ఇక నౌమ్. మా బావకి ప్రాణ స్నేహితుడు, అక్కా బావల పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాడు. చెయ్యి పెద్దది, గుండె పెద్దది, ఆలోచన మాత్రం చిన్నప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. అతను మోటారు పడవ కొన్నాడు. మా సరస్సు ఏటేటా వెనక్కి పోతోందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకప్పుడు నీళ్ళున్న చోట ఇప్పుడు ఆవులు మేస్తున్నాయి.

"నీళ్ళు వెళ్ళిపోతున్నాయి నౌమ్" అన్నాడు మా బావ.

"వెళ్ళినవి రావా?"

"వచ్చేదాకా పడవని ఏం చేస్తావు?"

"కడిగి పెట్టుకుంటాను."

మొదటి వేసవి బాగానే గడిచింది. తర్వాతి వేసవికి రేవు ఇసకలో నిలబడింది. పడవని ట్రాక్టరుకి కట్టి, రెల్లు దాటించి, బురదలోంచి నీళ్ళదాకా లాగాలి. వచ్చేటప్పుడు మళ్ళీ లాగాలి. ఆ లాగుడుకే సగం రోజు. నౌమ్ భార్య దోస్తా ట్రాక్టరు నడిపేది, నేనూ నౌమూ నడుములోతు బురదలో తోసేవాళ్ళం. మా బావ గడ్డి టోపీ పెట్టుకుని పడవలో కూర్చునేవాడు. మొత్తం దారంతా "నేను చెప్పానా లేదా" అంటూనే ఉండేవాడు. పట్టిన చేపల్లో పెద్దది ఆయన సంచీలోకే వెళ్ళేది.

ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక రోజు నౌమ్ కాఫీ హోటల్లోకి వచ్చి, కుర్చీ లాక్కోకుండానే చెప్పాడు. ప్రేతోర్ దగ్గర సరస్సు ఒడ్డున ఎప్పుడో మూతబడ్డ గాజు ఫ్యాక్టరీ వాళ్ళ విడిది ఉంది కదా, కార్మికులు సెలవులకి వచ్చేవాళ్ళు, దాన్ని అమ్ముతున్నారట. దాన్ని కొని హోటలు చేస్తాడట. డబ్బు కోసం రోడ్డు పక్క తోట అమ్మేస్తాడట.

ఆ తోట నౌమ్ తాత వేసింది. ఏ ఏడాదైనా ముందు కాసేది, ముందు అమ్ముడయ్యేది అదే. కాఫీ హోటల్లో ఎవరూ నవ్వలేదు. మా బావ మొహం కూడా పాలిపోయింది. ఈసారి చూసి ఆనందించే వ్యవహారం కాదని ఆయనకీ అర్థమైంది.

మధ్యాహ్నం మా అక్క మట్టికుండలో చిక్కుళ్ళు వండి పెడుతుంటే, ఆయన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"వద్దని చెప్పండి" అంది అక్క.

"చెప్తే వింటాడా? ఎప్పుడైనా విన్నాడా?"

"వినడు. మీరు వద్దంటే మరీ గట్టిగా కొంటాడు. అందుకని ఈసారి కొనమని చెప్పండి."

"అదేం మాట?"

"మీ నోట్లోంచి 'బాగుంది' అనే మాట వస్తే మనిషన్నవాడికెవడికైనా భయమేస్తుంది. నాకు పెళ్ళైన కొత్తలో చీకటిగదిలో పామున్నట్టు అనిపించేది, మీరు నా వంట మెచ్చుకుంటే."

ఆ మాట మా బావకి నచ్చింది. మర్నాడు నన్నూ వెంటేసుకుని, నౌమ్‌తో కలిసి విడిది చూడ్డానికి బయలుదేరాడు.

నేను దాన్ని చివరిసారి చూసింది కుర్రతనంలో. ఇప్పుడు కిటికీలకి అద్దాలు లేవు. మెట్ల మీద ముళ్ళకంప. నౌమ్ మమ్మల్ని మేనల్లుడి పెళ్ళికి పిలుచుకెళ్ళినట్టు లోపలికి తీసుకెళ్ళాడు.

"ఉత్తరం వైపు కప్పు లేదు" అన్నాడు, కాస్త బెరుకుగా మా బావ మొహం చూస్తూ.

"లేకపోవడమే మంచిది" అన్నాడు మా బావ. "మంచం మీంచే చుక్కలు చూడొచ్చు. చుక్కలకి విడిగా వసూలు చెయ్యి."

నౌమ్ ఆగిపోయాడు. నేను దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాను.

"మంచాలేమో సిమెంటుతో కట్టేశారు."

"ఎవడూ ఎత్తుకుపోలేడు."

"సరస్సు కొంచెం దూరమైపోయింది..."

"నడక మంచిదిరా. డాక్టర్లు డబ్బు తీసుకుని నడవమంటారు, నువ్వు ఊరికే నడిపిస్తున్నావు."

భోజనాల హాలు తలుపు తోస్తే లోపల గొర్రెలున్నాయి. ఎవరివో, ఎండకి వచ్చి పడుకున్నాయి. మా బావ ఒక్క క్షణం తడబడ్డాడు గానీ తేరుకున్నాడు.

"మాంసం తాజాగా ఉందని వచ్చినవాళ్ళకి ముందే తెలిసిపోతుంది. ఇలాంటి హోటలు ఓహ్రిద్‌లో ఉందా చెప్పు? లేదు. కొనెయ్."

ఇక నౌమ్‌కి అనుమానం రావాలి. మేమిద్దరం దాని కోసమే చూస్తున్నాం. నౌమ్ కళ్ళు తుడుచుకున్నాడు. వచ్చి మా బావని వాటేసుకున్నాడు, గొర్రెల మధ్యలోనే.

"పెళ్ళినాటి నుంచి చూస్తున్నాను తనాస్. నేను ఏం చేసినా నువ్వు పెదవి విరిచావు. ఇన్నాళ్ళకి నా వస్తువొకటి బాగుందన్నావురా. ఇంక నాకు ఇంకెవరి మాటా అక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే, టిఫిను కూడా చెయ్యకుండా, మా బావ నౌమ్ ఇంటికి పరిగెత్తాడు. నేను వెనకే వెళ్ళాను.

"నిన్న నేను చెప్పిందంతా వెటకారంరా. అది కొంప కాదు, శిథిలం. కొనకు."

నౌమ్ కాఫీ కప్పు కింద పెట్టాడు. మా బావని పైనుంచి కిందదాకా చూశాడు.

"నిన్న బాగుంది, రాత్రికి రాత్రి పాడైపోయిందా?"

"నిన్న కూడా బాగాలేదు."

"అర్థమైంది" అన్నాడు నౌమ్. "నీ దగ్గర డబ్బుందని ఊరందరికీ తెలుసు. జన్మలో ఒక్కటీ కొనలేదాయె. దీని మీద కన్నేశావు. నన్ను తప్పించి నువ్వు కొట్టేద్దామని."

"నేనా? హోటలా?"

"గొర్రెల మాట నువ్వేగా చెప్పావు. అంత దూరం ఆలోచించినవాడు కొనకుండా ఉంటాడా?"

మా బావ వేసిన ఒట్లకి లెక్క లేదు. ఒట్టేసిన కొద్దీ నౌమ్‌కి అనుమానం బలపడింది. ఆ వారంలో పెడదామనుకున్న సంతకాలు ఆ మధ్యాహ్నమే పెట్టేశాడు, మా బావ ముందుగా వెళ్ళిపోతాడేమోనని. తోట కూడా తొందరలో, అడిగిన ధరకే ఇచ్చేశాడు. కొన్నది స్పాసె. మా స్నేహితుల్లో ఎవరైనా తెలివిగా కొన్నది ఏదైనా ఉందంటే అదొక్కటే. దానికి ముందు స్పాసె మా బావని సలహా అడగలేదు.

దోస్తాకి సంగతి తెలిసేటప్పటికి అంతా అయిపోయింది. ఆవిడ మా అక్క వాళ్ళ వాకిట్లోకి వచ్చి నిలబడింది. మా బావని ఎప్పుడూ "అన్నయ్యా" అని పిలిచే మనిషి, ఆ రోజు పిలవలేదు.

"మీరే కొనమన్నారట."

"నేను కొనకూడదనే అన్నానమ్మా. అంటే, కొనమని అన్నది కొనకూడదని..." మా బావకి మాట అడ్డం తిరిగింది.

"నాకు ఆ తిరకాసు అక్కర్లేదు. కారు వద్దన్నారు, ముందు సీట్లో కూర్చున్నారు. పడవ వద్దన్నారు, మేము బురదలో లాగుతుంటే మీరు టోపీ పెట్టుకుని కూర్చున్నారు. నోటితో వద్దంటారు, మీ పిర్రలు మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటాయి. మా తోట పోయింది. హోటల్లో కూడా మీరే కూర్చోండి."

మా అక్క కాఫీ పెట్టనా అని కూడా అడగలేకపోయింది.

అది ఊరికే అన్న మాట కాదు. వేసవి మొదట్లో దోస్తా స్వయంగా వచ్చి, కౌంటరు దగ్గర కూర్చోవడానికి మనిషి కావాలనీ, జీతం ఇవ్వలేమనీ చెప్పి, తాళాలు మా బావ చేతిలో పెట్టింది. ఊళ్ళో అప్పటికే నౌమ్‌ని ముంచింది తనాసేనని స్థిరపడిపోయింది. ముప్పై ఏళ్ళు అందరికీ వద్దని చెప్పిన మనిషిని ఒక్క 'కొనెయ్' తో గుర్తు పెట్టుకున్నారు. కాఫీ హోటల్లో ఆయన బల్ల దగ్గర కూర్చోవడానికి కూడా జనం వెనకాడారు. వెళ్ళక ఏం చేస్తాడు?

నౌమ్ గొర్రెల్ని తోలించి, హాలు కడిగించి, దక్షిణం వైపు నాలుగు గదులకి సున్నం వేయించాడు. బయట బోర్డు మీద గూడబాతు బొమ్మ గీయించాడు. గీసినవాడికి రంగు తక్కువై అది కోడిలా వచ్చింది. దోస్తా సెప్టెంబరు రాగానే స్పాసె దగ్గర కూలికి ఆపిల్స్ కోయడానికి వెళ్తోంది. ఏ చెట్టు ఎప్పుడు కోయాలో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. స్పాసె ఆవిడకి అందరికంటే కాస్త ఎక్కువిస్తాడు. తీసుకునేటప్పుడు ఆవిడ అతని మొహం చూడదు.

కిందటి ఆగస్టులో మా ఇంటి తేనె సీసాల పెట్టెలివ్వడానికి నేను హోటలుకి వెళ్ళాను. మా బావ టై కట్టుకుని కౌంటరు వెనక, పోస్టాఫీసులో కూర్చున్నట్టే కూర్చున్నాడు. రాజధాని స్కోప్యే నెంబరుతో కారొచ్చి ఆగింది. కుర్ర మొగుడూ పెళ్ళాం దిగారు, ఒక గది కావాలన్నారు.

"ఎన్ని రోజులకి?" అన్నాడు మా బావ.

"నాలుగు రోజులు ఉందామని. ధరెంత?"

ధర చెప్పాడు. వాళ్ళు ఒప్పుకున్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. అతను పర్సు తీశాడు. మా బావ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తల తిప్పి వంటింటి వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"చూడు బాబూ. దానికి అంత విలువ లేదు. వేణ్ణీళ్ళు పొద్దున పూటే వస్తాయి, అవీ గోరువెచ్చగా. కప్పలు అరుస్తాయి. సరస్సుకి నడవాలి. ఇదే డబ్బుకి ఓహ్రిద్‌లో నీళ్ళ పక్కనే దొరుకుతుంది. కొత్తగా పెళ్ళైనవాళ్ళలా ఉన్నారు, డబ్బు జాగ్రత్త."

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. అతను మాత్రం పర్సు జేబులో పెట్టుకుని, ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పాడు. మా బావ వాళ్ళతో పాటు మెట్లదాకా వెళ్ళి, ఏ మలుపు దగ్గర తిరగాలో చేత్తో చూపించాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నడకలో హుషారు చూసి నాకు ఆశ్చర్యమేసింది. చెప్పిన మాట చెప్పినట్టు విన్న మనుషుల్ని జీవితంలో అప్పుడే చూశాడు మరి.

కారు చప్పుడికి నౌమ్ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవర్రా వచ్చింది? గది కావాలన్నారా?"

మా బావ నా వైపు చూశాడు. నేను తేనె పెట్టెల వైపు చూశాను.

"దారి అడిగారు" అన్నాడు మా బావ.